బేతాళుణ్ణి పంతుల్ని చేసిన ఫిజిక్సు విద్యార్థి

ఈ సావనీరుకు సైన్సు విద్యార్థులు కూడా ఏదో ఒకటి రాయాలని యూనియన్ మిత్రులు పట్టుబట్టినప్పుడు నవ్వి తప్పించుకుందామనుకున్నాను. మాది నల్లగొండ జిల్లాలో భూమిని నమ్ముకుని బతికే కుటుంబం. ప్రాక్టికల్ రికార్డులో ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం అని వరుసగా రాయడమే నాకు తెలిసిన రచన. కాని ఒక మనిషి గురించి రాయమంటే రాయగలననిపించి ఒప్పుకున్నాను. ఆయన 1980లోనే కన్నుమూశారు. నేను పుట్టడానికి పాతికేళ్ళ ముందు మాట. ఆయన కూడా మనలాగే ఫిజిక్సు చదువుకున్నవారు. పేరు కొడవటిగంటి కుటుంబరావు. కో.కు. అంటే తెలుగు పాఠకులు వెంటనే గుర్తుపడతారు.

ఆయన నవలల గురించి, కథల గురించి సాహిత్య విద్యార్థులు చాలా రాశారు, ఇంకా రాస్తారు. నేను చెప్పదలచుకున్నది ఒక్క సంగతే. దయ్యాన్ని ఆసరా చేసుకుని కథ ఎట్లా చెప్పాలో ఆయన నేర్పారు. ఆ పాఠం నాకు అవసరపడిన రోజు ఒకటి వచ్చింది. అది చెప్పాలంటే ముందుగా నా తప్పు చెప్పుకోవాలి.

నేను హబ్సిగూడలో ఇద్దరు మిత్రులతో కలిసి ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. అద్దెకు కొంత ఆసరా అవుతుందని నిరుడు సాయంత్రాల్లో ఆ గల్లీ పిల్లలకు ట్యూషన్ మొదలుపెట్టాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఏడుగురు. లెక్కలు బాగానే సాగాయి గాని, తెలుగులో వ్యాసం రాయమంటే ఒక్కరి పెన్నూ కదలదు. మీ ఊరి జాతర గురించి రాయమంటే రెండు వాక్యాలు రాసి నా మొహం చూసేవారు.

ఒకనాడు పాఠం మధ్యలో కరెంటు పోయింది. పిల్లలు కదలకుండా కూచోబెట్టడానికి మా ఊరి కొరివిదెయ్యం సంగతి చెప్పాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక అర్ధరాత్రి మెలకువ వచ్చి గుమ్మంలోకి వచ్చాను. మా పొలం గట్టు మీద ఒక వెలుగు కదులుతున్నది. ఆగుతుంది, కిందికి వంగుతుంది, మళ్ళీ నడుస్తుంది. బాయి దగ్గరికి పోయి మాయమైంది. అక్కడికి ఆపేశాను. చీకట్లో పిల్లలు ఊపిరి బిగబట్టారు. కరెంటు వచ్చింతర్వాత ఇటువంటిదే ఒకటి రాసుకు రమ్మన్నాను. మర్నాడు ఒక్కొక్కరు మూడేసి పేజీలు తెచ్చారు. పంతులుగా గెలిచానని ఎంత పొంగిపోయానో చెప్పలేను.

వారం గడిచేసరికి నా గెలుపు ఏమిటో తెలిసింది. మా గల్లీ చివర ఒక అవ్వ ఒంటరిగా ఉంటుంది. పూలు గుచ్చి అమ్ముకుంటుంది. రాత్రిళ్ళు గడప మీద కూచుని తనలో తాను మాట్లాడుకునే అలవాటు ఆమెకు ఉన్నది. ఒక పిల్లవాడు ఆమెనే దయ్యాన్ని చేసి కథ రాశాడు. కథ బాగుందని నేనే అందరి ముందూ చదివించాను. అప్పటినుంచి పిల్లలు ఆ ఇంటి ముందు నడవడం మానేశారు. వాళ్ళను చూసి ఒకరిద్దరు పెద్దవాళ్ళు పూలు కొనడం మానేశారు. ఒకనాటి రాత్రి ఎవరో రాయి విసిరితే ఆమె గుమ్మం మీది బల్బు పగిలింది. ఆ అవ్వ మా గదికి వచ్చి, బిడ్డా అని పిలిచి, తాను ఎప్పటినుంచి దయ్యమైందో చెప్పమని అడిగింది. నేను తల వంచుకు నిలబడ్డాను.

మన పల్లెల్లో బాణామతి, చేతబడి అనే అనుమానంతో మనుషుల పళ్ళు ఊడగొట్టిన సంగతులు, కొట్టి చంపిన సంగతులు పత్రికల్లో చదివినవాణ్ణి. సైన్సు విద్యార్థిని. అటువంటివాణ్ణి ఒక కథ కోసం ఒక ముసలామెను ఎక్కడికి తెచ్చానా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇక దయ్యాల కథలే చెప్పగూడదని నిశ్చయించుకున్నాను.

ఆ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఫిజిక్సు పుస్తకాలు వెతుకుతుంటే, ఎవరో బైండు చేయించుకున్న పాత చందమామల సంపుటం ఒకటి దొరికింది. విప్పగానే బొమ్మ. భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానంలో నడుస్తున్న విక్రమార్కుడు. మా అమ్మ చిన్నప్పుడు చదివానని చెప్పే చందమామ అదే. ఈ కథల వెనక ఉన్న మనిషి ఎవరా అని విచారిస్తే కుటుంబరావు గారు కనబడ్డారు. ఆయన దేవుణ్ణీ దయ్యాన్నీ నమ్మని మనిషి అని తెలిసి ఆశ్చర్యపోయాను. నమ్మని మనిషి ఇరవై ఎనిమిదేళ్ళు దయ్యంతో ఎట్లా కాపురం చేశాడు? ఆయన జీవితం చదవడానికి నన్ను పురికొల్పింది ఈ ప్రశ్నే.

* * *

కుటుంబరావు గారు 1909 అక్టోబరు 28న గుంటూరు జిల్లా తెనాలిలో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించారు. అయిదేళ్ళ వయసులో తండ్రి పోయారు. పదకొండేళ్ళు నిండక ముందో, నిండగానేనో తల్లి కూడా పోయింది. మేనమామ గారి పోషణలో పెరిగారు. అన్నగారు వెంకటసుబ్బయ్య గారు సాహిత్యం తెలిసినవారు కావడంతో పాశ్చాత్య రచయితల పుస్తకాలు చిన్నతనంలోనే ఈయన చేతికి వచ్చాయి. పన్నెండు, పదమూడేళ్ళకే రాయడం మొదలుపెట్టి, ఒక ఉత్కంఠ నవల ఎత్తుకుని మధ్యలో వదిలేశారని చెబుతారు. మా ట్యూషన్ పిల్లల వయసే అది. ఆ వయసులో ఎవరికైనా కలం కదిలేది భయం దగ్గర, ఆశ్చర్యం దగ్గరే కాబోలు.

1925లో తెనాలిలో స్కూలు చదువు ముగిసింది. ఆ రోజుల ఆచారం ప్రకారం ఆ ఈడులోనే పెళ్ళి కూడా అయింది. గుంటూరులో ఇంటర్మీడియెట్ చదివి, విజయనగరం మహారాజా కళాశాలలో ఫిజిక్సు ముఖ్యాంశంగా 1929లో బి.ఏ. పూర్తి చేశారు. ఆ చదువు ముగిసే నాటికి దేవుడి మీద నమ్మకం ఆయనలో మిగలలేదు. ఆ ఏడే ఎమ్మెస్సీ ఫిజిక్సు కోసం కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చేరారు. అదే సంవత్సరం ప్రపంచమంతా ఆర్థికమాంద్యం మొదలైంది. ధరలు పడిపోయి ఇంటి దగ్గర డబ్బు ఆడక, రెండో సంవత్సరంలో చదువు మానుకోవలసి వచ్చింది. పంట ధర పడిపోతే హాస్టలులో ఉన్న కొడుకు చదువు ఏమవుతుందో మా వంటి ఇళ్ళల్లో ఒకరు చెప్పక్కర్లేదు. ఆ డిగ్రీ ఆయనకు చేతికి రాలేదు. ఆ చదువు నేర్పిన చూపు మాత్రం ఆయన్ను చివరిదాకా విడవలేదు.

తర్వాత ఇరవై ఏళ్ళు ఆయన బతుకు ఒక చోట నిలవలేదు. గుమాస్తాగా, ఉపాధ్యాయుడిగా, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా, పత్రికా రచయితగా పనిచేశారు. ముప్ఫైలలో తెనాలిలో యువ పత్రిక వ్యవహారాల్లో పాలుపంచుకున్నారు. చక్రపాణి గారితో స్నేహం ఆ తెనాలి రోజులనాటిదే. 1939లో భార్య పద్మావతి గారు మరణించారు. 1945లో వరూధిని గారిని వివాహమాడారు. ఈ ఒడుదుడుకుల మధ్యనే కథలు రాశారు, నవలలు రాశారు, గల్పికలు రాశారు. తన తరం చదువుకున్న చదువు ఎటువంటిదో, అది మనిషికి ఎంతవరకు ఉపయోగపడిందో తరచి చూపిన ఆయన నవల ‘చదువు’ ఇప్పటికీ నిలిచి ఉన్నది. పెళ్ళి, ఉద్యోగం, పరువు, డబ్బు అనే వాటి చుట్టూ మధ్యతరగతి మనిషి ఎన్ని అబద్ధాలు అల్లుకుంటాడో ఆయన ఏ అలంకారమూ లేకుండా చెప్పారు.

1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామను ప్రారంభించారు. మొదట తెలుగులో, తమిళంలో వచ్చిన ఆ పత్రిక క్రమంగా పదికి మించిన భాషల్లోకి పాకింది. 1952లో కుటుంబరావు గారు అందులో చేరారు. 1980 ఆగస్టు 17న కన్నుమూసేదాకా అదే ఆయన కొలువు. పెద్దల కోసం మధ్యతరగతిని దులిపేసే కథలు రాసే చెయ్యి, పగలంతా రాకుమారుల గురించి, రాక్షసుల గురించి, పిశాచాల గురించి పిల్లలకు చెబుతూ పోయింది. ఆయన పేరు ఆ పుటల మీద పెద్దగా కనిపించేది కాదు. పురాణాలనూ, ప్రపంచ సాహిత్యంలోని కథలనూ తేట తెలుగులో ఆయన తిరగరాస్తే, ఇతర భాషల చందమామల్లోకి అవి అనువాదమై పోయేవి.

చందమామలో విడవకుండా వచ్చిన శీర్షిక బేతాళ కథలు. ఇవి ఆయన సృష్టి కావు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలో బేతాళుడి కథలు ఉన్నాయి. దానికి మూలమైన గుణాఢ్యుడి బృహత్కథ పైశాచీ భాషలో ఉండేదని, గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులో ఉండేవాడని పెద్దలు చెబుతారు. అంటే మన నేలకు సంబంధమున్న మొట్టమొదటి పెద్ద కథల పుస్తకం పిశాచాల పేరున్న భాషలో పుట్టిందన్నమాట! ఆ పాత బేతాళ కథలు ఇరవై అయిదు. నెలకొక్కటి వేస్తే రెండేళ్ళలో అయిపోవాలి. చందమామలో దశాబ్దాల తరబడి వచ్చాయి. మిగిలినవన్నీ కొత్తగా అల్లినవే.

నేను చెప్పదలచుకున్న పంతులు ఇక్కడే కనిపిస్తాడు. చందమామకు కథలు పంపినవారిలో పేరున్న రచయితల కంటే మామూలు పాఠకులే ఎక్కువ. వాళ్ళలో స్కూలు మాస్టర్లు, గుమాస్తాలు, చదువుకునే కుర్రవాళ్ళు ఉండేవారు. ఆ కథల్లో చాలావాటికి తల ఉంటే తోక ఉండదు. కుటుంబరావు గారు వాటిలోని ఒక్క మంచి ముడిని పట్టుకుని, మాటలు తేలిక చేసి, అక్కరలేనిది కోసేసి, తిరగరాసేవారు. తన కథ అచ్చులో చూసుకున్న మనిషికి తాను రాసినదేదో, మారినదేదో పక్కపక్కన కనిపిస్తుంది. అంతకంటె మంచి పాఠం ఏ క్లాసులో దొరుకుతుంది? ముడి గట్టిగా ఉన్న కథ బేతాళుడి నోట్లోకి పోయేది. శంకర్ గారి బొమ్మ దానికి ప్రాణం పోసేది.

ఆ బేతాళ కథ కట్టుబడిని రికార్డులో ప్రయోగం చూసినట్టు చూశాను. మొదట ఒక మనిషి, ఒక బరువు, ఒక దారి. విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుని మౌనంగా నడుస్తాడు. మూడు నాలుగు వాక్యాల్లో మనం శ్మశానంలో ఉంటాం. చీకటి ఎంత భయంకరంగా ఉందో వర్ణన అక్కరలేదు. శవం మాట్లాడుతుంది, అంతే. నడిచేవాడికి శ్రమ తెలియకుండా అది కథ చెబుతుంది. ఆ కథలో మళ్ళీ దయ్యం ఉండనక్కరలేదు. ఒక రాజు, ఒక వర్తకుడు, ఒక పేద కుర్రవాడు ఉంటారు. వాళ్ళలో ఒకరు చేసిన పని మనకు అర్థంకాకుండా మిగులుతుంది. అప్పుడు బేతాళుడి ప్రశ్న. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. విక్రమార్కుడు కారణాలు విడమరిచి జవాబు చెబుతాడు. మౌనం పోయింది కనుక శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. కొత్తగా అల్లిన కథ అయితే చివర కల్పితం అనే మాట వేసేవారు.

నమ్మని మనిషి దయ్యంతో ఎట్లా కాపురం చేశాడో నాకు ఇక్కడ అర్థమైంది. దయ్యం గుమ్మం దాకానే భయపెడుతుంది. లోపలికి పోయినతర్వాత అది ఆలోచించమంటుంది. జరగని వాటిని ఊహించగల శక్తి పిల్లల మెదడుకు అవసరమని, అటువంటి కథలవల్లనే మూఢనమ్మకాలు పుట్టుకురావని ఆయన అభిప్రాయం. వైజ్ఞానిక విషయాల మీద తెలుగులో ఎన్నో వ్యాసాలు రాసిన మనిషి, 1970లో విప్లవ రచయితల సంఘంలో చేరిన మనిషి, బేతాళుణ్ణి వదులుకోలేదంటే కారణం ఇదే అయి ఉండాలి. కల్పితం అని ఒప్పుకుని చెప్పిన దయ్యం ఎవరి ఇంటి బల్బూ పగలగొట్టదు.

చక్రపాణి గారు 1975లో పోయారు. ఆ తర్వాత కూడా కుటుంబరావు గారు తన బల్ల దగ్గరనే ఉన్నారు. ఆయన కుమారుడు రోహిణీప్రసాద్ గారు అణుశాస్త్రవేత్త అయి, సైన్సును తెలుగు పాఠకులకు అర్థమయ్యేట్టు రాసి, 2012లో కన్నుమూశారు. కుమార్తె శాంతసుందరి గారు అనువాదకురాలిగా పేరుపొంది 2020లో పోయారు. ఆ బొమ్మ వేసిన శంకర్ గారు కూడా 2020లోనే, నిండు వయసులో వెళ్ళిపోయారు. చందమామ అంతకుముందే ఆగిపోయింది. విక్రమార్కుడు మాత్రం పాత సంపుటాల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాడు.

* * *

ఆ సంపుటం చదువుతుంటే తల పగలడమనే షరతు దగ్గర ఆగిపోయాను. జవాబు తెలిసీ చెప్పనివాడికి ఆ శిక్ష. నేను చేసింది సరిగ్గా అదే.

పిల్లలకు చెప్పిన కొరివిదెయ్యం కథకు జవాబు ఉన్నది, అది నాకు తెలుసు. ఆ వెలుగు మా నాయన చేతిలోని బ్యాటరీ లైటు. 2018 జనవరిలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చేదాకా మా ఊళ్ళో రాత్రి వంతు కరెంటుకే మోటర్లు నడిచేవి. మా నాయన అర్ధరాత్రి లేచి గట్టు వెంట పోయి స్టార్టరు వేసి, మడి తర్వాత మడికి నీళ్ళు తిప్పి వచ్చేవాడు. వంగి చూసింది పాముల కోసం. ఆ సంగతి తెల్లారే తెలిసింది నాకు. పట్నం పిల్లల ముందు అది చెబితే కథ చప్పబడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, రాత్రి నీళ్ళు కట్టే రైతు కొడుకునని చెప్పుకోవడానికి నాకు సిగ్గు కూడా వేసింది. అందుకని దయ్యాన్ని ఉంచి నాయనను తీసేశాను. నేను అట్లా చేస్తే, ఆ పిల్లవాడు అవ్వను తీసేసి దయ్యాన్ని ఉంచడంలో వింత ఏమున్నది?

మర్నాడు పిల్లలకు మిగతా సగం చెప్పాను. ఆ వెలుగు ఎవరో చెప్పి, బేతాళుడి వరసలో ఒక ప్రశ్న వేశాను. అందరూ నిద్రపోయే వేళ ఆ మనిషి చీకట్లో ఎందుకు నడవాల్సి వచ్చింది, అందుకు బాధ్యులెవరు? మొదటి రోజు ఊపిరి బిగబట్టిన పిల్లలు ఈ రోజు ఒకరి మీద ఒకరు పడి వాదించుకున్నారు. కరెంటు వేళలు పెట్టినవాళ్ళని ఒకరు, వాన అని ఒకరు, మనం తినే బియ్యం అని ఇంకొకరు. భయం ఒక్క రాత్రి పేజీలు నింపింది. ప్రశ్న మాత్రం వారం రోజులు వాళ్ళను వదలలేదు.

అప్పటినుంచి మా గదిలో దయ్యం కథకు అయిదు షరతులు పెట్టుకున్నాం. నడిచేవాడెవడో, ఎక్కడో, భుజాన ఉన్న బరువేమిటో మొదటి నాలుగు వాక్యాల్లో చెప్పాలి. భయంకరం, ఘోరం అనే మాటలు వాడకుండా భయం పుట్టించాలి. చివర ఒక ప్రశ్న, దానికి కారణాలతో జవాబు ఉండాలి. గల్లీలో ఉన్న మనిషిని దయ్యం చెయ్యగూడదు. కథ కింద కల్పితం అని రాసి సంతకం పెట్టాలి.

అవ్వ ఇంటికి అందరం కలిసి పోయాం. కొత్త బల్బు నేను కొన్నాను, బిగించింది ఆ కథ రాసిన పిల్లవాడే. రాయి ఎవరు విసిరారని ఆమె అడగలేదు, మేమూ చెప్పుకోలేదు. రాత్రిళ్ళు ఎవరితో మాట్లాడుతుందని పిల్లలే అడిగారు. పోయిన పెనిమిటితో ఆ రోజు అమ్మకం లెక్క చెప్పుకుంటుందట. ఎప్పటినుంచో ఉన్న అలవాటు, ఆయన పోయినా పోలేదు. ఆ పిల్లవాడు తన కథను మళ్ళీ రాశాడు. అందులో దయ్యం లేదు. ఈసారి పైకి చదవమని నేను అడగలేదు. వాడే పోయి అవ్వకు చదివి వినిపించాడు. పిల్లలు మళ్ళీ ఆ గడప ముందునుంచే నడుస్తున్నారు. పూలు మానేసిన ఇళ్ళల్లో ఒకటి మాత్రం ఇంకా కొనడం లేదు. ఆ లెక్క నా ఖాతాలోదే.

దసరాకు ఊరికి పోయినప్పుడు మా నాయనను అడిగాను, ఆ రాత్రుళ్ళు భయమేసేదా అని. దయ్యమంటే కాదట, తడి చేతితో స్టార్టరు ముట్టుకోవడమంటే భయమట. తిరిగి వచ్చేటప్పుడు మా ఇంటి గుమ్మంలో కనిపించే చిన్న దీపాన్ని చూసుకుంటూ నడిచేవాడట. నేను అక్కడ నిలబడి ఆ వెలుగును దయ్యమనుకున్నానని చెబితే చాలాసేపు నవ్వాడు. పత్రికలో రాస్తే ఈ సంగతి కూడా రాయమన్నాడు. రాశాను.

ఇది మాత్రం కల్పితం కాదు.